వీరచిత్రకథలయందు భవిష్యత్కథోహ

అమెరికా దేశమున మాసమాసమును వెలువడు బొమ్మల కథలలో అతిమానుషబలము గల వీరులను గూర్చినవి ప్రత్యేకముగా నొక శాఖగా నేర్పడియున్నవి. వీనికి సూపర్‌హీరో కామిక్కులని వ్యవహారము. 1938 సంవత్సరమున ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికయందు జెర్రీ సీగెల్ రచనతోను జో షుస్టర్ చిత్రములతోను సూపర్‌మాన్ అవతరించిన నాఁటినుండి యీ శాఖ తెగిపోక సాగుచున్నది. పండితులు దీనిని బాలుర వినోదమని తలఁచి విడిచివేయుట వింత కాదు. కాని యీ కథల చుట్టును బెరిగిన యొక పఠనాచారము కథాశాస్త్రమునం దాసక్తి గలవారు పరిశీలింపఁదగినది. రాఁబోవు సంచికలలో నేమి జరుగునో పాఠకులు ముందుగా నూహించి, హేతువులను జూపి, ఒకరితో నొకరు వాదించుటయే యా యాచారము. ఆ యూహ ఫలించినప్పుడు కవి యేమి చేయవలెనన్న ప్రశ్న యందుండి పుట్టినది. కొన్ని కథలు ఆ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకకయే చెడిపోయినవి.

ఊహకుఁ గారణము ప్రచురణవిధానమునందే కలదు. ఒక సంచికలోని కథాభాగము ఇంచుమించుగా ఇరువది పుటలు. అది ముగియుచోట వీరుఁడు ఆపదలో నుండును. లేదా ముసుఁగు వేసికొన్న దుష్టుఁ డొకఁడు తన నిజస్వరూపమును జూపకయే మఱలిపోవును. తరువాతి భాగమునకు నెల దినములు వేచియుండవలెను. ఆ నెల దినములలోఁ జదువరికిఁ జేయఁదగిన పని యొక్కటే: చదివినదానిని మఱలఁ జదివి, కవి దాఁచినదానిని వెదకుట.

ఇంతకంటె ముఖ్యమైన విశేషము వేఱొకటి యున్నది. ఈ వీరులలోఁ బ్రసిద్ధులైనవారు ప్రకాశకసంస్థల సొత్తు. కవుల సొత్తు కారు. ఒక రచయిత నాలుగైదేండ్లు వ్రాసి విడిచిపోవును. ఆతఁడు విడిచిన సూత్రమును మఱియొకఁ డందుకొనును. ఇరువురిపైనను సంపాదకుఁ డొకఁ డుండును, ఆతఁడును మాఱుచుండును. కాఁబట్టి రహస్యమును నాటినవాఁడే దానిని వెల్లడించునన్న నిశ్చయము లేదు. పాఠకుఁడు మాత్రము పదునైదేండ్లుగా ఒకే కథను జదువుచుండును. పూర్వకథయందు రచయితకంటెఁ బాఠకునకే యెక్కువ పరిచయ ముండుట యీ శాఖలో నరుదు కాదు.

కథారహస్యము తెలుఁగువారికిఁ గ్రొత్త కాదు. పదునాఱవ శతాబ్దమునఁ బింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయము’న మణికంధరుఁడు నలకూబరుని రూపమును, కలభాషిణి రంభ రూపమును దాల్చిన సందర్భమున నిజమైనవా రెవ్వరో మాయారూపధారు లెవ్వరో యని చదువరి తికమక పడును. అయితే కావ్యము చేతికి వచ్చునప్పటికి సమగ్రముగా నుండెను. చదువరి యేమి యూహించినను సూరన కలము కదలదు. నాట్యశాస్త్రకారులు ముఖసంధి మొదలు నిర్వహణసంధి వఱకుఁ జెప్పిన క్రమమును ఫలము నెఱిఁగిన కవికే చెల్లును. వీరచిత్రకథలయందు ముఖసంధిని వ్రాసినవాఁడు నిర్వహణసంధి నాఁటి కుద్యోగములో నుండునో లేదో చెప్పలేము.

దీనికి సమీపమైన పూర్వోదాహరణము ఇంగ్లీషు నవలలలో దొరకును. చార్లెస్ డికెన్స్ తన నవలలను భాగములుగాఁ బ్రకటించెడివాఁడు. ఆయన ‘బార్నబీ రడ్జ్’ వెలువడుచుండఁగా, 1841లో ఎడ్గార్ అలన్ పో యను అమెరికా రచయిత తొలిభాగములను మాత్రము చదివి హంతకుఁ డెవ్వఁడో పత్రికలో ముందుగాఁ జెప్పెను. హంతకుని గూర్చిన యూహ నిజమయ్యెను. కథ నడచు తీరును గూర్చి చెప్పినవి కొన్ని తప్పిపోయెను. 1870 జూన్ 9వ తేదీన డికెన్స్ మరణించునప్పటికి ఆయన చివరి నవల ‘ఎడ్విన్ డ్రూడ్ రహస్యము’ పండ్రెండు భాగములలో సగమైనను గడవలేదనవచ్చును. ఆఱు భాగములకే నిలిచిపోయెను. నాఁటినుండి దాని యుత్తరభాగమును గూర్చి పండితులును రసికులును వ్రాసినది మూలమునకు మించినది. కవి యుండియు లేనట్టి యీ స్థితియే వీరచిత్రకథలకు సహజస్థితి.

ఈ పాఠకుల యూహ కేవలము కోరిక కాదు. అది తర్కశాస్త్రమునఁ జెప్పఁబడిన యనుమానమే. హేతువును జూపుదురు, వ్యాప్తిని జెప్పుదురు, దృష్టాంతమునకుఁ బూర్వసంచికల సంఖ్యలను బేర్కొందురు. వారి హేతువులు రెండు తెగలుగా నుండును. కథలోపలివి మొదటి తెగ: ముసుఁగువాని శరీరప్రమాణము, వాని మాటతీరు, వానికిఁ దెలిసిన రహస్యస్థలములు, వాఁడు కనఁబడిన సమయమున నితరపాత్రలలో నెవ్వరు కనఁబడకుండిరన్నది. కథ వెలుపలివి రెండవ తెగ: రచయిత మాఱినాఁడా, ఆ పాత్ర పేరిట మఱుసటి నెలలో సంచిక ప్రకటింపఁబడినదా, సంస్థకు వాని వలన లాభ మెంత. సూపర్‌మాన్ మరణించినట్లు 1992 నవంబరులో వెలువడిన సంచికయందుఁ జిత్రింపఁబడినప్పుడు, వాఁడు మఱలి వచ్చునని చిరపరిచయము గల పాఠకు లనుట యీ రెండవ తెగ హేతువు చేతనే. సంస్థ తన ప్రధానధనమును బూడ్చిపెట్టదని వారి వ్యాప్తి. దానిలో దోషము లేదు. అయినను రసపోషణకు దీనివంటి శత్రువు వేఱొకటి లేదు. శోకస్థాయిని లెక్కలపుస్తకము మింగివేయును.

సంస్థవా రీ సంగతి నెఱుఁగకపోలేదు. 1993లో సూపర్‌మాన్ పేరును దాల్చినవారు నలుగురు ప్రత్యక్షమైరి. అందు నిజమైనవాఁ డెవ్వఁడన్నది చదువరుల ముందుంచిన ప్రశ్న. నలుగురిలో నెవ్వఁడును గాఁడు. నిజమైనవాఁడు వేఱుగా వచ్చెను. వాఁడు వచ్చునా రాఁడా యన్న ప్రశ్నకు సమాధానము వెలుపలి హేతువుచేతఁ దెలియును గనుక, ఎట్లు వచ్చునన్న ప్రశ్నను ముందుకుఁ దెచ్చిరి. ఇది తెలివైన మార్గమని యొప్పుకొనవలెను.

వాదమునకు వేదిక మొదట సంచిక చివర నచ్చుపడు నుత్తరముల పుటయే. డి.సి. సంస్థ సంపాదకుఁడు జూలియస్ ష్వార్ట్స్ 1960 ప్రాంతమున నుత్తరములతోఁ గూడ వ్రాసినవారి పూర్తి చిరునామాలను బ్రకటింపసాగెను. దానిచే దూరదేశములందలి పాఠకు లొకరి నొకరు కనుఁగొనిరి. 1961లో జెర్రీ బెయిల్స్, రాయ్ థామస్ అనువారి ప్రయత్నమున ‘ఆల్టర్ ఈగో’ యను పాఠకపత్రిక వెలసెను. అందలి రాయ్ థామస్ కొన్ని యేండ్లకు మార్వెల్ సంస్థలో రచయితయై, 1972లో ప్రధానసంపాదకుఁడయ్యెను. ఊహించువాఁడే వ్రాయువాఁడగుట యీ శాఖలో సామాన్యమైన సంగతి. మార్వెల్ సంస్థలో స్టాన్ లీ మఱియొక యాచారమును బెట్టెను. కథలో దొరలిన పొరపాటును జూపి, అది పొరపాటు కాకుండునట్లు సమర్థించి వ్రాసిన పాఠకునకు ‘నో-ప్రైజ్’ అను బహుమానము లభించెడిది. బహుమాన మనఁగా లోపల నేమియు లేని కవరు. ఇది పరిహాసమువలెఁ గనఁబడినను, కవి ప్రమాదమును గూడ కథాంగముగా నన్వయించుటను బాఠకులకు నేర్పినది. వ్యాఖ్యాతలు ప్రాచీనకావ్యములయందుఁ బునరుక్తిని ధ్వనిగా సమర్థించుట యెట్టిదో యిదియు నట్టిదే.

ముసుఁగు దుష్టుల కథలలో మొదటఁ బేర్కొనఁదగినవాఁడు గ్రీన్ గోబ్లిన్. స్పైడర్‌మాన్ కథలలో 1964లో ప్రవేశించిన వీని నిజస్వరూపము రెండేండ్లు దాఁచఁబడి, 1966లో ముప్పదితొమ్మిదవ సంచికయందు వెల్లడి చేయఁబడెను. వాఁడు నార్మన్ ఆస్బోర్న్ అను ధనికుఁడు. అంతకు ముందు సంచికతోనే చిత్రకారుఁడు స్టీవ్ డిట్కో యీ కథలను విడిచిపోయెను. దుష్టుఁడు మున్నెన్నఁడును గనఁబడని యనామకుఁడు కావలెనని డిట్కో పట్టుపట్టెననియు, అందుచేతనే స్టాన్ లీతోఁ జెడిపోయెననియు నొక కథ చాలకాలము ప్రచారములో నుండెను. అది నిలువదు. ఆస్బోర్న్‌నే యుద్దేశించి, వాని ముఖమును బేరు చెప్పకయే ముందు సంచికలయందు ధనికుల సభలో నాటితినని డిట్కో తానే తరువాతి వ్యాసములలో వ్రాసెను. సంచికలను దెఱచి చూచినను బేరు లేని యా ముఖ మచ్చటఁ గనఁబడును. బీజమును నాటి, మొలక కన్నుల ముందే యుండఁగాఁ జూపకుండుట యిదియే. గుఱుతించిన పాఠకుఁడు గెలిచెను; గుఱుతింపనివాఁడు మఱలఁ జదివి సంతోషించెను. ఇరువురికిని నష్టము లేదు.

ఇట్టి సౌష్ఠవము హాబ్‌గోబ్లిన్ కథకు దొరకలేదు. ఆ కథయే యీ విషయమునకు ముఖ్యోదాహరణము.

ఆస్బోర్న్ 1973లో మరణించినట్లు కథ. పదేండ్లకు, 1983లో, స్పైడర్‌మాన్ 238వ సంచికయందు రోజర్ స్టెర్న్ అను రచయిత క్రొత్త దుష్టుని బ్రవేశపెట్టెను. ఆస్బోర్న్ దాఁచియుంచిన సాధనములు కల రహస్యస్థలమును గనుఁగొని, వానిని తన కనువుగా మార్చుకొని, హాబ్‌గోబ్లిన్ అను పేరుతో వీఁడు బయలుదేఱెను. ముసుఁగు క్రింద నెవ్వఁడన్నది చెప్పఁబడలేదు. స్టెర్న్ మనస్సున మాత్రము నిశ్చయము కలదు: రోడరిక్ కింగ్‌స్లీ యను వస్త్రవ్యాపారి. ఈ కింగ్‌స్లీ 1980లోనే యితరసంచికలలోఁ బుట్టిన చిన్నపాత్ర. వేర్వేఱు రచనలలో వాని స్వభావము వేర్వేఱుగా నుండెను. ఒకచోట పిఱికివాఁడు, మఱియొకచోటఁ గ్రూరుఁడు. ఇది యసంగతమని తక్కినవారు విడిచినదానిని స్టెర్న్ హేతువుగాఁ గైకొనెను. కింగ్‌స్లీకి వానిని బోలిన తమ్ముఁ డొకఁడు కలఁడనియు, అవసరమైనప్పుడు వానిని దన స్థానమునఁ గూర్చుండఁబెట్టుననియు నాతని కల్పన. ప్రమాదమునే బీజముగాఁ జేసికొనుట యిది. పాఠకులు ఖాళీ కవరుకొఱకుఁ జేసిన పనినే రచయిత కథకొఱకుఁ జేసెను.

పాఠకు లూరకుండిరా? పేర్లు పెక్కు వచ్చినవి. వార్తాపత్రికలోని విలేఖరి నెడ్ లీడ్స్ అనువారు కొందఱు. ఛాయాగ్రాహకుఁడు లాన్స్ బానన్ అనువారు కొందఱు. కింగ్‌స్లీ యనువారును గలరు. స్టెర్న్ వారిని దారి తప్పించుటకు రెండు పన్నాగములు పన్నెను. మొదటిది 245వ సంచికలో: ముసుఁగు తొలఁగించఁగా వాఁడొక చిల్లరదొంగ, దుష్టుఁడు తన బదులు వానిని బంపెను. రెండవది ధనికుల సభాభవనమునఁ గింగ్‌స్లీయు హాబ్‌గోబ్లిన్‌ను నొకే గదిలోఁ గనఁబడుట. తమ్ముని సంగతి తెలియని పాఠకునకు దీనితోఁ గింగ్‌స్లీ నిర్దోషియని స్థిరపడును. ఇట వివాదమున కాస్పదము కలదు. బాధమును జూపి యనుమానమును ద్రోసివేసినప్పుడు ఆ బాధము నిజమైనది కావలెను. లేదా దాని మూలము నెచ్చటనైనను సూచింపవలెను. తమ్ముఁడున్నట్లు సూచన మాత్రముగా నైనఁ జెప్పఁబడలేదు. కింగ్‌స్లీ స్వభావవైచిత్ర్యము సూచన కాదా యని స్టెర్న్ పక్షమువా రనవచ్చును. కాని యది పరరచయితల పొరపాటని పాఠకు లెఱుఁగుదురు గనుక సూచనగా నెంచుట కష్టము.

1984లో స్టెర్న్ యీ సంచికలను విడిచిపోయెను. రహస్య మింకను వెల్లడి కాలేదు. వెనుక వచ్చిన టామ్ డిఫాల్కో రహస్యమును స్టెర్న్ నడిగి తెలిసికొని, పైఁ జెప్పిన యాక్షేపమునే చేసెను: సూచింపఁబడని కవలతమ్ముఁడు పాఠకులకు మోసమగునని. అందుచేత నాతఁడు నేరసామ్రాజ్యాధిపతి కుమారుఁడగు రిచర్డ్ ఫిస్క్‌ను హాబ్‌గోబ్లిన్‌గా నిర్ణయించుకొనెను. నడుమ 276వ సంచికలో ఫ్లాష్ థామ్సన్ అను యువకునిపై నింద పడెను, అదియు బూటకమే. కాని డిఫాల్కోయు కార్యము ముగియకమునుపే తొలఁగెను. సంపాదకుఁడు జేమ్స్ ఔస్లీ యభిప్రాయము నెడ్ లీడ్స్‌పై నుండెను. ఆతఁడే వ్రాసిన వేఱొక ప్రత్యేకసంచికలో, 1987 ఆరంభమున, లీడ్స్ బెర్లిన్ నగరమున హత్య చేయఁబడెను. ఇంక రహస్యమును జెప్పవలసిన భారము పీటర్ డేవిడ్ అను మఱియొక రచయితపైఁ బడెను. 289వ సంచికలో, చనిపోయిన లీడ్స్‌యే హాబ్‌గోబ్లిన్ అని యాతఁడు వ్రాసెను. ముసుఁగు తీయుటకు మనిషియే లేఁడు. వాని మరణానంతరము వాని కథను జెప్పుకొనిరి.

నాలుగేండ్లు వాదించిన పాఠకులలోఁ గొందఱి యూహ నిజమయ్యెను గదా, వారు సంతోషింపవలదా? సంతోషింపరైరి. కారణము స్పష్టము. హాబ్‌గోబ్లిన్ ఆస్బోర్న్ రసాయనము చేత నమానుషబలము పొందినవాఁడు. లీడ్స్‌ను జంపినవారు సామాన్యఘాతకులు. బలము గలవాఁ డట్లు చచ్చుట యెట్లు? సాధ్యము సరిపోయినను హేతువు సరిపోలేదు. తార్కికునకు హేతువు లేని సాధ్యము జ్ఞానము కాదు, కాకతాళీయము. ఈ సంఘటన పాఠకుల యభిమానము నెచ్చట నుండునో తెలుపుచున్నది. వారు కోరినది తాము చెప్పిన పేరు కాదు. తాము వెదకిన త్రోవ కవియు వేసిన త్రోవయే యన్న నమ్మకము.

పదునాలుగేండ్లకుఁ గథ మఱల మూలకర్త చేతికి వచ్చెను. 1997లో మూఁడు సంచికలుగా వెలువడిన ‘హాబ్‌గోబ్లిన్ లివ్స్’ అను కథను స్టెర్న్ వ్రాసెను. పాఠకులు లీడ్స్‌పైఁ జేసిన యాక్షేపములనే పాత్రల నోటఁ బలికించి, లీడ్స్ వశీకరణమునకు లోఁబడిన కీలుబొమ్మ మాత్రమేయని తేల్చి, కింగ్‌స్లీని వాని తమ్మునితోఁ గూడ బయటికిఁ దెచ్చెను. ఈ కథయందు శాస్త్రదృష్టిచే గమనింపఁదగినది యిది: 1987 నాఁటి నిర్ణయమును గొట్టివేయలేదు, దాని యసంగతినే క్రొత్త సాక్ష్యముగా వాడుకొనెను. తమ్ముఁడు సూచింపఁబడలేదన్న డిఫాల్కో యాక్షేపము మాత్రము తీఱలేదు. పదునాలుగేండ్ల ప్రతీక్ష దానిని గప్పివేసినది.

రెండవ యుదాహరణము దీనికి విపర్యయము. అచ్చట రచయితలు మాఱినందునఁ గథ చెడెను. ఇచ్చటఁ బాఠకులు కనుఁగొన్నందునఁ గథ మార్చఁబడెను. 1991లో డి.సి. సంస్థవారు ‘ఆర్మగెడాన్ 2001’ అను మహాకథను బ్రకటించిరి. 2030 సంవత్సరమునుండి వేవ్‌రైడర్ అను కాలయాత్రికుఁడు వెనుకకు వచ్చును. ఆ భవిష్యత్తున లోకమును మోనార్క్ అను నియంత యేలుచుండును. ఆ నియంత 2001లో తక్కినవీరులను జంపిన యొక వీరుఁడేయని మాత్రము తెలియును, ఎవ్వఁడో తెలియదు. యాత్రికుఁడు ఒక్కొక్క వీరుని స్పృశించి వాని భవిష్యత్తును జూచును. అట్టి దర్శన మొక్కొక్కటి యొక్కొక్క వార్షికసంచిక. ఊహకొఱకే నిర్మింపఁబడిన కథ యిది. పాఠకులకుఁ బందెము వేసి పిలిచినట్లే.

ముందు నిశ్చయింపఁబడినవాఁడు కెప్టెన్ ఆటమ్ అను వీరుఁడు. ఆ సంగతి కథ ముగియకమునుపే బయటఁ బొక్కెను, పాఠకలోకమున వ్యాపించెను. సంస్థవా రపుడు చివరి సంచికను మార్చి, హాక్ అను వేఱొక వీరుని మోనార్క్‌గాఁ జేసిరి. పాఠకులు విస్మితులైరి, విస్మయమే ఫలమైనచోఁ గార్యము నెఱవేఱినట్లే. కాని ముందు సంచికలను మఱలఁ జదివినవారికి హాక్‌ను జూపు బీజ మెచ్చటను దొరకలేదు. దొరకినవన్నియు ఆటమ్‌ను జూపుచుండెను. అద్భుతరసము క్షణమాత్రమునకుఁ జాలును, నిర్వహణమునకుఁ జాలదు. ఊహించినవాఁ డోడిపోయినందుకు బాధ లేదు. ఓడిపోయినవాఁడు సరిగా నూహించినవాఁ డగుటయే బాధ. పదునాఱేండ్లకు, 2007లో, అదే సంస్థ వేఱొక కథయందుఁ గెప్టెన్ ఆటమ్‌నే మోనార్క్‌గాఁ జేసెను.

రహస్యము బయటపడినప్పుడు కవి చేయఁదగినది యేమి? మార్చవలదనువారి పక్షమే బలముగాఁ దోఁచుచున్నది. పత్రికలను వెదకి ముందుగా నెఱిఁగినవారు పాఠకులలో నొక భాగము. సంచికలు కొని చదువుకొనువారు తక్కినవారు. మొదటివారిని జయించుటకై రెండవవారి కథను బాడుచేయుట యుచితము కాదు. ఆ మొదటివారైనను గథ యెట్లు నడచునో చూడఁ గోరుదురు. రామకథ నెఱిఁగినవారే యాటకు వచ్చి తెల్లవార్లు కూర్చుందురు గదా.

ఊహను దాఁటి పాఠకులకు నిర్ణయమునే యిచ్చిన సందర్భ మొకటి కలదు. 1988 సెప్టెంబరులో బాట్‌మాన్ అనుచరుఁడగు జేసన్ టాడ్ ప్రేలుడులోఁ జిక్కుకొన్నట్లు చూపి, వాఁడు బ్రతుకవలెనా చావవలెనా యని రెండు టెలిఫోను సంఖ్యలను బ్రకటించిరి. పిలుపునకు 50 సెంట్లు రుసుము. గడువు 36 గంటలు. చావవలెనని 5,343 పిలుపులు, బ్రతుకవలెనని 5,271 వచ్చినవి. 72 పిలుపుల తేడాతో బాలుఁడు చచ్చెను. దీనిని గూర్చి విస్తరింప నక్కఱలేదు. ఇందు హేతువు లేదు, తర్కము లేదు, రుసుము కలదు. ఊహించు పాఠకుఁడు కవితోఁ బోరును. ఇచ్చటఁ బోరుటకుఁ గవియే లేఁడు. 2005లో సంస్థ జేసన్‌ను మఱల బ్రతికించెను.

నేఁటి స్థితి కొంత మాఱినది. దుకాణదారులు సంచికల నెన్ని కొనవలెనో ముందుగాఁ జెప్పుటకై ప్రకాశకులు ఇంచుమించు మూఁడు నెలల ముందే కథాసంగ్రహమును ముఖచిత్రమును బ్రకటించుచున్నారు. అందుచేత నూహకు మూలము చదివిన సంచిక కాక, రాని సంచిక ప్రకటనయే యగుచున్నది. సంస్థలును బ్రకటనలలో ముఖచిత్రమును గప్పియుంచుటయు, మాటలను ద్వ్యర్థిగా వ్రాయుటయు నలవఱచుకొన్నవి. శ్లేష యీ రీతిని వ్యాపారమునకుఁ బనికివచ్చునని యాలంకారికు లెవ్వరు నూహించియుండరు.

తెలుఁగుదేశమున దీనికి దగ్గఱగా వచ్చినది చలనచిత్రము. 2015 జూలైలో వెలువడిన ‘బాహుబలి’ మొదటిభాగము కట్టప్ప బాహుబలిని జంపుటతో ముగిసెను. ఏల చంపెనన్న ప్రశ్న 2017 ఏప్రిలులో రెండవభాగము వచ్చువఱకు బాలురనుండి వృద్ధుల వఱకు నందఱి నోటను నుండెను. అయితే యచ్చట దర్శకుఁ డొక్కఁడే, భాగములు రెండే. ప్రశ్న వేసినవాఁడే యుత్తరమును జెప్పెను. జనుల తర్కము ద్వారమువెలుపలనే నిలిచినది.

వీరచిత్రకథలలో నట్లు ద్వారము మూయఁబడదనుటకు మఱియొక యుదాహరణము చాలును. 1993లో ‘ఎక్స్-మెన్’ కథల 23వ సంచికయందు సినిస్టర్ అను దుష్టుఁడు సైక్లాప్స్ అను వీరునితో మాటాడుచు వాని ‘సోదరులు’ అని బహువచనమునఁ బలికెను. అప్పటికిఁ దెలిసిన సోదరుఁ డొక్కఁడే. ఆ యొక్క బహువచనప్రత్యయముపైఁ బండ్రెండేండ్లు వాదము నడచెను. గాంబిట్ అను వీరుఁడే మూఁడవ సోదరుఁడని పెక్కుమంది తలఁచిరి. వ్రాసిన ఫేబియన్ నిసీజా యుద్దేశించినది ఆడమ్-ఎక్స్ అను వేఱొకని. 2005లో మొదలైన ‘డెడ్లీ జెనెసిస్’ అను కథలో ఎడ్ బ్రూబేకర్ అను రచయిత యీ యిరువురిని విడిచి, వల్కన్ అను క్రొత్తవానిని సృష్టించి, వాఁడే యా మూఁడవవాఁడని చెప్పెను.